వెనక్కి పెట్టుకున్న చేతులు

“ఇంకోసారి పెడతా, విను,” అంది శ్రీరమ్య.

“విన్నాగా.”

“వినలా. ఉప్మా తిన్నావు. ఇప్పుడు విను.”

ఫోను తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. లక్ష్మీకాంత్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. హైదరాబాదు ఆడియో కథల కంపెనీ గీతాంజలి గొంతు వసారాలోకి వచ్చింది. నొప్పి తెలియకుండా సూదిమందు వేసే నర్సమ్మ గొంతులాంటిది.

“శ్రీరమ్య గారూ, ఏమనుకోకండి. మొన్న మీరు ఫోన్లో మాట్లాడిన తీరు విని, పొలంలో పనిచేసుకుంటూ మా కథలు వినే ఆడవాళ్ళకి రాయాల్సింది ఈవిడే అనుకున్నాను. మీరు పంపిన శాంపిల్‌లో ఆ మనిషి ఎక్కడా కనబడలేదు. పెళ్ళిపందిట్లో పంచే పద్యాల కాగితంలా ఉంది. మావాళ్ళు వద్దంటున్నారు. సారీ అండి.”

గొంతు ఆగిపోయింది. స్తంభానికి ఆనుకుని కందిపప్పు చెరుగుతున్న హనుమాయమ్మ చేట కూడా ఆగిపోయింది.

‘పద్యాల కాగితం’ అన్నచోట లక్ష్మీకాంత్ చెవులు కాలాయి. పర్చూరు చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా పంచరత్నాలు రాసేది అతనే. అయిదు పద్యాలు, చుట్టూ పూలతీగ బోర్డరు, పైన వెంకటేశ్వరస్వామి. తన ఫ్లెక్సీ షాపులోనే ప్రింటు తీసి, అద్దం ఫ్రేము కట్టించి, పందిట్లో తనే మైకు పట్టుకుని చదివి వధూవరుల చేతిలో పెడతాడు. పైసా తీసుకోడు. ‘రచయితగారూ’ అని నలుగురూ పిలిస్తే ఆ పూటకి భోజనం కూడా అక్కర్లేదు అతనికి.

ఇంకోటి కూడా జరిగింది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. ‘మావాళ్ళు వద్దంటున్నారు’ అన్నచోట, చెవులు కాలుతున్నా సరే, అతని కడుపులో ఒక మూల చల్లగా అయింది. ఆ చల్లదనానికి అతనికే భయమేసింది.

“నేను నీకు పంపిందేంటి, నువ్వు వాళ్ళకి పంపిందేంటి?” అంది శ్రీరమ్య.

“అదేగా పంపింది.”

“బావా!”

మేనత్త కొడుకు, ఇప్పుడు మొగుడు. గౌను వేసుకునే రోజుల నుంచి ఎరుగు. అతను అబద్ధమాడేటప్పుడు పళ్ళెంలోకి చూస్తాడని ఆమెకి తెలుసు. ఇప్పుడు ఉప్మాలో జీడిపప్పు వెతుకుతున్నాడు.

“కాస్త సానబెట్టా,” అన్నాడు చివరికి. “నువ్వు మరీ మాట్లాడినట్టే రాశావు. హైదరాబాదు వాళ్ళ ముందు పరువు పోద్దని...”

“మాట్లాడినట్టే రాయమన్నారు వాళ్ళు! ఫైలు చేసి పంపమంటే, నాకు కంప్యూటరు లేదు, నీ షాపులో ఉందిగదా అని నీకిచ్చా. టైపు కొట్టి పంపమన్నా. సానబెట్టమన్నానా?” ఫోను తీసి, గీతాంజలి తిప్పి పంపిన ఫైలు తెరిచి చదివింది. “‘అరుణారుణ కాంతులీను మిరప సిరుల సీమలో, మాతృమూర్తి మమతానురాగాల మందాకిని...’ ఇది నేను రాశానా?”

“ఎవరే ఆ మాతృమూర్తి?” అంది హనుమాయమ్మ. “మనూళ్ళో ఆ పేరుగలావిడ ఎవరూ లేరే.”

“అమ్మా, నువ్వు గమ్మునుండు.”

“ఎందుకుండాలిరా? ఇంట్లో కూర్చుని రాస్తే ఎవరిస్తారే డబ్బులు అని నవ్విందాన్ని నేనే. ఆ వంటల చానెల్ వాడికి నెలల తరబడి రాసిపెడితే వాడు ఎగ్గొట్టినప్పుడూ నవ్వా. చీరల కొట్టు పిల్ల ఊరికే రాయించుకుని థాంక్సు అన్నప్పుడూ నవ్వా. అయినా ఇది మానలా. మొదటిసారి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వారం వారం నీ రాతే కావాలి, ఒకటి రాసి చూపించమ్మా అంటే, నువ్వు దాని చేతిలోంచి లాక్కుని మందాకిని కలిపావా?”

“నేను లాక్కోలేదు. సాయం చేశా.”

 శ్రీరమ్య అరిచినా బాగుండేది. అతని మొహంలోకి అలా చూస్తూ నిలబడింది, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం చూస్తున్నట్టు.

అప్పుడే గేటు చప్పుడైంది. “ఏరా కాంతూ, ఉన్నావా?” అంటూ బుల్లయ్య వచ్చాడు. హనుమాయమ్మకి పెదనాన్న కొడుకు, ఊళ్ళో పాత సర్పంచి. చేతిలో పసుపు పూసిన శుభలేఖ.

లక్ష్మీకాంత్ ప్రాణం లేచొచ్చింది. “రండి మావయ్యా, కూర్చోండి. మనవరాలి పెళ్ళిగా! పంచరత్నాలు అప్పుడే మనసులో అల్లేశా.”

బుల్లయ్య కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, శ్రీరమ్య వంక చూశాడు.

“అది కాదురా... ఈసారి అమ్మాయి చేత రాయిద్దామని.”

“ఏ అమ్మాయి?”

“ఈ అమ్మాయేరా! మొన్న కళ్ళంలో ఏదో చదివిందంటగా, మిరపకోతల గురించి. మీ అత్త ఇంటికొచ్చి అన్నం కూడా పెట్టకుండా అదే చెప్తా కూర్చుంది. చెప్తా చెప్తా ముక్కు చీదుకుంది. మా పెళ్ళయ్యాక ఆవిడ అట్టా ఏడవటం నేను చూళ్ళా.” లక్ష్మీకాంత్ భుజం తట్టాడు. “నువ్వేమీ అనుకోబాకు. నీవీ బాగానే ఉంటయ్. కాకపోతే నువ్వు చదివేటప్పుడు మనవాళ్ళంతా బిర్యానీ లైను ఎందాకా వచ్చిందో చూసుకుంటా ఉంటారు.”

హనుమాయమ్మ చేట అడ్డం పెట్టుకుంది. నవ్విందో దగ్గిందో తెలియలేదు.

“నాకు పద్యాలు రావు పెదనాన్నా,” అంది శ్రీరమ్య. “బావే రాస్తాడు. బాగా రాస్తాడు.”

ఆ చివరి మాట జాలితో అందని అతనికి అనిపించింది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. పళ్ళెం తీసుకుని లేచి, చెయ్యి కడుక్కునే వంకన పెరట్లోకి పోయాడు.

ఆ రోజు కళ్ళంలో అతనూ విన్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కూలీలకి టీ క్యాను తెచ్చి, నింపిన గోతాల వెనక పెడుతున్నాడు. ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరి పక్కకి వేస్తున్నారు. మధ్యలో శ్రీరమ్య ఫోను చూసి చదువుతోంది.

‘మిరపకోత నుంచి వచ్చిన తల్లి బిడ్డ కళ్ళు తుడవదు. గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డ ముందు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడుతుంది.’

ఒక్కొక్కరే చేతులాపారు. ముఠా మేస్త్రి పేరమ్మ, నోరు విప్పితే ఊరంతా వినబడే మనిషి, మొహానికి కట్టుకున్న గుడ్డ పైకి లాక్కుని కళ్ళ మీద వేసుకుంది.  ఎండిన కాయలు గాలికి గలగలమన్న చప్పుడొక్కటే.

ఇన్నేళ్ళలో అతని రాతకి మైకు సెట్టు కావలసి వచ్చింది, స్టేజీ కావలసి వచ్చింది, వెనక సన్నాయి కావలసి వచ్చింది. దీనికి ఏమీ అక్కర్లేకపోయింది.

టీ క్యాను అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే షాపులో కూర్చుని, ఆమె పంపినదంతా మొదటి నుంచి చివరి దాకా వెతికాడు. తన కోసం వెతికాడు.

కూతురు బిందు చంటిపిల్లగా ఉన్నప్పుడు, కోతలకి మనుషులు దొరక్క శ్రీరమ్య కూడా పొలం పోయేది. వచ్చేసరికి పిల్ల ఏడుస్తుండేది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడి “బావా, తుడువు! కళ్ళు తుడువు!” అని అరిచేది. తుడిచింది ఎవరు? ఆమె మజ్జిగతో చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, మంట చల్లారేదాకా పిల్లని భుజాన వేసుకుని తిప్పింది ఎవరు?

రాసినదాంట్లో పేరమ్మ ఉంది. అమ్మ ఉంది. గుమ్మంలో పడుకునే కుక్క ఉంది. అతను లేడు.

అప్పుడు చేశాడు ఆ పని. ముందు తన పాత వ్యాసమొకటి, ‘పల్లెసీమ పరిమళాలు’ అన్నది తీసి, ఆమె రాసిన ఆ రెండు వాక్యాలూ అందులో మధ్యన అతికించి, తన పేరుతో గీతాంజలికి పంపాడు. తర్వాత ఆమె దాంట్లోంచి ఆ రెండు వాక్యాలూ తీసేసి, ఆ ఖాళీలో మాతృమూర్తిని కూర్చోబెట్టి, అదీ పంపాడు.

తుడిచిన చెయ్యి నాది, కాబట్టి ఆ మాటలో సగం నాదే అని ఆ రోజు నుంచి తనకి తనే చెప్పుకుంటున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా పూర్తిగా నమ్మకం కుదరడం లేదు.

పెరట్లో కుళాయి దగ్గర నిలబడి ఉండగా లోపల్నుంచి శ్రీరమ్య గొంతు వినబడింది. ఎవరికో వాయిస్ మెసేజీ పెడుతోంది.

“గీతాంజలి గారూ, మీరు చదివింది నేను రాసింది కాదండి. టైపు చేసేటప్పుడు మారిపోయింది. ఎట్టా మారిందో అడక్కండి. నేను రాసింది నా ఫోన్లోనే ఉంది, ఉన్నదున్నట్టు పంపుతున్నా. ఇది చదివి కూడా వద్దంటే ఇక విసిగించను.”

అతని పేరు చెప్పలేదు. అంత కోపంలోనూ చెప్పలేదు.

చెప్పలేదన్న ఊరట ఇంకా గొంతు దిగకముందే ఇంకో సంగతి తట్టింది. ఉన్నదున్నట్టు పంపుతున్నా అంది. అంటే ఆ రెండు వాక్యాలూ మళ్ళీ గీతాంజలి దగ్గరికి వెళ్తున్నాయి. ఒకసారి అతని పేరుతో వెళ్ళాయి. ఇప్పుడు ఆమె పేరుతో.

గబగబా తన ఫోను తీశాడు. మెయిల్ వచ్చి ఉంది.

‘లక్ష్మీకాంత్ గారికి, మీ పల్లెసీమ పరిమళాలు చదివాం. మొత్తం మీద మా పద్ధతికి కుదరదు. కాని మధ్యలో మిరపకోత తల్లి గురించి రెండు వాక్యాలున్నాయి. అవి రాసిన మనిషితో మాట్లాడాలని ఉంది. అలాంటివే ఇంకొన్ని రాయగలరా?’

జన్మలో మొదటిసారి ఒక ఎడిటరు అతని రాతని మెచ్చుకుంది. సరిగ్గా అతను రాయని చోటు చూసుకుని మెచ్చుకుంది.

ఫోన్ చేసి చెప్పేద్దామని గీతాంజలి నంబరు నొక్కాడు. మోగకముందే కట్ చేశాడు. ఏమని చెప్తాడు? చెబితే తను దొంగ. చెప్పకపోతే ఆమె దొంగ. వెనక పంపింది ఆమె కదా మరి.

మధ్యాహ్నం దాటాక అందరూ కళ్ళంలోకి చేరారు. మర్నాడు గుంటూరు యార్డుకి లారీ ఎక్కించాలి. తాలు ఏరడం ఇంకా మిగిలే ఉంది. హనుమాయమ్మ కూడా కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని కూర్చుంది. లక్ష్మీకాంత్ షాపు మూసేసి వచ్చి, ఎవరూ అడక్కుండానే గోతాలు పట్టడం మొదలుపెట్టాడు.

“ఏంది రచయితగారూ,” అంది పేరమ్మ, “ఇయ్యాల పెన్ను వదిలి కాయలు పట్టుకున్నారు? మా మీద ఏమన్నా రాద్దామనా?”

“ఆయనొద్దులే, రమ్యమ్మే రాసుద్ది,” అంది ఇంకొకామె. “ఆయన రాస్తే మనం అప్సరసలమైపోతాం. ఇంటికి పోతే మొగుళ్ళు గుర్తుపట్టరు.”

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. శ్రీరమ్య నవ్వలేదు. రెండు చేతులా కాయల్లో దోపి, తాలు కాయ కనబడ్డచోటల్లా తీసి విసురుతోంది. మిరప ఘాటుకి ముక్కు ఎర్రబడింది.

అతను ఆమె పక్కన గోతాం పట్టాడు. ఒక గోతాం నిండి, రెండోది సగమైంది. చివరికి ఆమే, తల ఎత్తకుండా, అతనికి మాత్రమే వినబడేట్టు అడిగింది.

“ఒక్కటి చెప్పు బావా. బాగుండాలని మార్చావా? బాగుందని మార్చావా?”

గోతాం మూతి అతని చేతిలోంచి జారింది.

“చిన్నప్పుడు నువ్వు రాసిన ప్రతి ముక్కా ముందు నాకే చదివేవాడివి,” అందామె. “అర్థం కాకపోయినా బాగుందనేదాన్ని. అప్పుడు నువ్వు మొహం ఎంత వెలిగించుకునేవాడివో! నేనూ ఒకటి రాస్తే నువ్వట్టా అంటావనుకున్నా. ఒక్కసారి. అంతే.”

“నేనెక్కడున్నానే అందులో?”

అతని నోట్లోంచి అది ఎలా వచ్చిందో అతనికే తెలియదు. చిన్నపిల్లాడి మాటలా వచ్చింది.

“ఏంటి?”

“పాప కళ్ళు తుడిచింది ఎవరు? నువ్వు చేతులు వెనక్కి పెట్టుకున్నావు సరే. తుడిచిన చెయ్యి ఎవరిది? కుక్కని రాశావు. నన్ను రాయలేదు.”

శ్రీరమ్య చేతులు కాయల్లోనే ఆగిపోయాయి. అతని వంక చూసింది, పొద్దుటి తర్వాత మొదటిసారిగా.

“దానికోసమా?” అంది. “పిచ్చి బావా! అది ఒక్క మాటలో అయ్యేదా? ఆ చెయ్యి గురించి వేరే రాస్తున్నా. సగమైంది. మొదటిది వాళ్ళకి నచ్చితే రెండోది అదే పంపుదామని దాచుకున్నా.”

లక్ష్మీకాంత్‌కి ఎండ ఒక్కసారిగా నెత్తికెక్కినట్టయింది. చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. “రమ్యా, నేనింకో పని...”

ఆమె ఒడిలో ఫోను మోగింది.

“ఆవిడే!” శ్రీరమ్య మొహం వెలిగింది. కాయల్లోంచి చేతులు తీసి, ఎర్రగా ఉన్న వేళ్ళు చూసుకుని గాల్లోనే ఆపింది. “నా చేతులు చూడు, ముట్టుకోలేను. నువ్వు ఎత్తు బావా. స్పీకర్ పెట్టు. అందరూ వినండే, మన కోతల సంగతే!”

ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. అతను ఫోను తీశాడు.  నొక్కాడు.

“శ్రీరమ్య గారూ, చదివానండి.” గీతాంజలి గొంతు పొద్దుటిలా మెత్తగా లేదు. “చాలా బాగుంది. బాగుందనే ఫోన్ చేశాను. ఒక ఇబ్బంది వచ్చింది. ఇందులో ఆ తల్లి చేతుల గురించి రెండు వాక్యాలున్నాయి కదా, అవి అక్షరం పొల్లుపోకుండా మాకు ఇంకొకరి దగ్గర్నుంచి వచ్చాయి. మీకన్నా ముందు వచ్చాయి.”

“అట్టా ఎట్టా వస్తాయండి?” అంది శ్రీరమ్య, ఇంకా నవ్వు మొహంతోనే. “అది మా ఇంట్లో జరిగిందండి. నా పిల్లకి జరిగింది.”

“మీ ఊరాయనే పంపారండి. లక్ష్మీకాంత్ అని. ఆయన మీకు తెలుసా?”

కళ్ళంలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. పేరమ్మ చేతిలో తాలు కాయ అలాగే ఉండిపోయింది. హనుమాయమ్మ మూతికి కట్టుకున్న కొంగు విప్పి, కొడుకు వంక చూసింది. ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి మానుకుంది.

శ్రీరమ్య లేచి నిలబడింది. అతన్ని ఒక్క మాట అడగలేదు. అడగాల్సిందంతా పొద్దున్నే అడిగేసింది. ఆమె కళ్ళు నిండాయి, అంచు దాటాయి, చెంపల మీదుగా గడ్డం దాకా కారాయి. అలవాటున చెయ్యి సగం దాకా లేపి, వేళ్ళ ఎరుపు కనబడగానే ఆగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“హలో? వినబడుతోందాండి?” అంది గీతాంజలి. “మీ ఇద్దరిలో ఆ మాట ఎవరిదో నాకు తెలియాలి. ఇది తేలకపోతే నేను మీ ఇద్దర్లో ఎవరికీ పని ఇవ్వలేను.”

ఫోను లక్ష్మీకాంత్ ఎడమచేతిలో ఉంది. అతను గోతాం మూతే పట్టాడు, కాయలు ముట్టలేదు. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది.

ఆ చెయ్యి ఆమె మొహం వైపు లేచింది. శ్రీరమ్య ఒక్క అడుగు వెనక్కి వేసింది.

“ముందు ఆవిడకి చెప్పు,” అంది, ఫోను వంక గడ్డంతో చూపిస్తూ.